ఎన్‌ఐసీయూ నుంచి ఇంటికి: బెంగళూరులో నెలలు నిండని బిడ్డను తెచ్చుకునేవాళ్ల కోసం

"ఎల్లుండి డిశ్చార్జ్ చేద్దాం" అని డాక్టరుగారు అన్నప్పుడు నాకు సంతోషం రాలేదు, కాళ్లు వణికాయి. మా పాప 30 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు 1,180 గ్రాములు. 52 రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో ఉండి, ఇంటికి వచ్చేనాటికి 2,050 గ్రాములయింది. ముక్కుకు సన్నటి ఆక్సిజన్ గొట్టం. అన్ని రోజులూ పక్కనే సిస్టర్లు, తల దగ్గర మానిటర్ ఉండేవి. మారతహళ్లిలోని మా రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేది నేను, మావారు, అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ.

ఇంటికి తెచ్చుకోవడం ఒక్క రోజు పని అనుకున్నాను. నిజానికి వార్డులో జరిగే పనులన్నీ ఇంటికి నేర్పాలి, దానికి రెండు వారాలు పడుతుంది. మందులు, మోతాదులు, ఆక్సిజన్ ఎంత పెట్టాలి అనేవి మీ డాక్టరు చెప్పినట్టే చేయాలి. నేను చెప్పేది ఇంటినీ, ఇంట్లో మనుషుల్నీ ఎలా సిద్ధం చేసుకోవాలన్నది.

డిశ్చార్జ్‌కు రెండు వారాల ముందు

బిడ్డ మామూలు తొట్టిలో ఒంటి వేడి నిలుపుకోవాలి. వరసగా కొన్ని రోజులు బరువు పెరగాలి. పాలు తాగేటప్పుడు ఆయాసపడకూడదు. ఊపిరి మర్చిపోకుండా ఇచ్చే కెఫీన్ మందు ఆపాక అయిదు నుంచి ఏడు రోజులు ఊపిరి ఆగకుండా గడవాలి. డాక్టర్లు మామూలుగా చూసేది ఇవే. బిల్లు పెరుగుతోందని ఒక్కోసారి మనమే తొందరపెడతాం. మేమూ పెట్టాం. ఆగమన్నందుకు ఆ డాక్టరుగారికి ఇప్పుడు దండం పెడతాను.

ఈ రెండు వారాలూ గాజు తలుపు అవతలి నుంచి చూసి వెళ్లిపోవద్దు. ప్రతి ఫీడ్‌కూ ఒక పని మీ చేత్తో చేస్తామని సిస్టర్‌ని అడగండి. డైపర్ మార్చడం, థర్మామీటర్ చంకలో పెట్టి చూడడం, 1 మిల్లీలీటరు సిరంజిలో మందు తీయడం, గొట్టం టేపు మార్చడం లాంటివి. మన బెంగళూరు ఎన్‌ఐసీయూల్లో చాలామంది సిస్టర్లు మలయాళీలు. భాష కుదరకపోయినా చేతులతో చూపిస్తారు, ఫోన్లో వీడియో తీసుకుంటామంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

బిడ్డ ముక్కులో గొట్టం ద్వారా పాలు తాగుతూ ఇంటికి వస్తుంటే, గొట్టం సరైన చోటే ఉందో లేదో ప్రతిసారీ ఎలా చూడాలో నేర్చుకోండి. ముక్కు దగ్గర వేసిన గుర్తు కదిలిందా, సిరంజితో లాగితే వచ్చిన రసం ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ కాగితం మీద 5.5 లేదా అంతకంటే తక్కువ చూపిస్తోందా అన్నవి. పాలు సిరంజిలో పోసి వాటంతట అవే దిగనివ్వాలి. పిస్టన్ పెట్టి తోయకూడదు.

ఏ పనైనా ఇంట్లో ఇద్దరికి రావాలి. ఒక్కరికే వస్తే ఆ ఒక్కరు మూడో రోజుకు కూలబడతారు. మా ఇంట్లో నేనూ, మావారూ అన్నీ నేర్చుకున్నాం, అమ్మ పాలు పట్టడం వరకు నేర్చుకుంది. బిడ్డకు ఊపిరి ఆగితే, పాలు పొలమారితే ఏం చేయాలో, గుండె ఎలా నొక్కాలో బొమ్మ మీద చేయించి చూపించమని తప్పకుండా అడగండి. చదివితే వచ్చే విద్య కాదు అది.

ఆఖరుగా, చివరి 24 నుంచి 48 గంటలు తల్లీబిడ్డలను ఒకే గదిలో ఉంచమనండి. సిస్టర్ పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటుంది కానీ పనంతా మీదే. మాకు ఆ రాత్రి 2 గంటలకు తెలిసిన సంగతి, మా ఇద్దరిలో ఎవరికీ చీకట్లో సిరంజి మీది గీతలు కనపడవని. మర్నాడే చిన్న టేబుల్ ల్యాంపు కొన్నాం.

కాగితాలు

డిశ్చార్జ్ సమ్మరీ ఫైల్లో పెట్టేముందు అక్కడే కూర్చుని చదవండి. ఎన్ని వారాలకు పుట్టింది, పుట్టిన బరువు, వెంటిలేటర్ మీద ఎన్ని రోజులు, రక్తం ఎక్కించారా, తల స్కాన్, గుండె ఎకో, థైరాయిడ్ పరీక్ష ఫలితాలు, కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, వేసిన టీకాలు, తర్వాతి తేదీలు అన్నీ ఉండాలి. మా సమ్మరీలో ఐరన్ చుక్కలు "0.5" అని మాత్రమే రాసుంది. మిల్లీగ్రాములా, మిల్లీలీటర్లా? అడిగి రాయించుకున్నాం. అడగడానికి మొహమాటపడి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకోను.

పుట్టినట్టు 21 రోజుల్లోపు నమోదు కావాలి. మామూలుగా ఆస్పత్రే చేస్తుంది, అయినా అడిగి చూసుకోండి. పేరు లేకుండానే నమోదు చేయవచ్చు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే బిడ్డను పాలసీలో చేర్చే గడువు ఎప్పటివరకో హెచ్‌ఆర్‌ను ఆ వారమే అడగండి. బిడ్డను వాణీ విలాస్, ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో చూపిస్తుంటే, జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాదిలోపు జబ్బుపడ్డ బిడ్డకు వైద్యం, మందులు, రవాణా ఉచితమని గుర్తుంచుకోండి.

పుట్టింటికా, ఇక్కడేనా

మనవాళ్లలో ఇది పెద్ద చర్చ. బాలింతను పుట్టింటికి పంపడం ఆనవాయితీ. మా నాన్న కారు కూడా మాట్లాడేశారు. బెంగళూరు నుంచి అనంతపురం రెండు వందల కిలోమీటర్ల పైన. నేను వద్దన్నాను. మొదటి నెలన్నర కంటి పరీక్షలు, బరువు చూపించడం, ఆక్సిజన్ తగ్గించడం అంటూ వారానికోసారైనా అదే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. దారిలో ఏదైనా అయితే హైవే మీద పసిబిడ్డకు తగిన ఎన్‌ఐసీయూ ఎక్కడ వెతుకుతాం? పుట్టింటి వాళ్లనే ఇక్కడికి రమ్మనండి. అమ్మ చేతి పథ్యం బెంగళూరులో కూడా అదే రుచి.

గది

బిడ్డకూ తల్లికీ ఒక గది. వంటింటికి దూరంగా, ఎదురుగాలి కొట్టనిది. గది వేడి 26 నుంచి 28 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. హైదరాబాద్ వాళ్లకు ఇది విడ్డూరం గానీ, బెంగళూరులో జూలై ముసురుకూ డిసెంబరు తెల్లవారుజాముకూ గది చల్లబడిపోతుంది. గోడకు వేలాడదీసే గది థర్మామీటర్ కొనుక్కోండి. గది వేడి చేయాలంటే ఆయిల్ నింపిన హీటర్ నయం. బొగ్గుల కుంపటి మాత్రం వద్దే వద్దు. దోమల కాయిల్, అగరుబత్తి, రూమ్ ఫ్రెష్‌నర్ కూడా లోపలికి రానివ్వకండి, దోమతెర చాలు. బాల్కనీలో పావురాలు చేరితే వల కట్టించి, బిడ్డ వచ్చేముందే రెట్టలు తడిపి కడిగించండి. ఎండినవి ఊడిస్తే ఆ ధూళి ఇంట్లోకే వస్తుంది.

పడక గట్టిగా, చదునుగా ఉండాలి. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు పెడతారు, అది తీసేయండి. చీర ఊయల సంగతి చెప్పాలంటే నాకూ బాధే, నేను అందులోనే పెరిగాను. కానీ నెలలు నిండని బిడ్డ మెడ ఇంకా నిలవదు. ఊయలలో గడ్డం గుండెకు ఆనుకుంటే శ్వాస దారి మూసుకుపోతుంది. ఊయల కొక్కేనికి మేము పాప ఫైలు సంచి తగిలించాం.

ఆక్సిజన్‌తో వస్తుంటే

అందరికీ అవసరం ఉండదు. ఉన్నవాళ్లు మాత్రం ఈ భాగం రెండుసార్లు చదవండి.

గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్, కాన్సన్‌ట్రేటర్ అద్దెకు దొరుకుతుంది. అయితే పెద్దవాళ్ల మిషన్ మీద ఉండే మీటరులో నిమిషానికి పావు లీటరు పెట్టడం కుదరదు, గీతలే ఉండవు. ఒక లీటరులోపు కొలిచే చిన్న ఫ్లోమీటరు, పసిపిల్లల ముక్కు గొట్టం అడిగి తీసుకోండి. మిషన్ ఇంటికి వచ్చాక, బిడ్డ రాకముందే ఒక రాత్రంతా నడిపి చూడండి. మాకు మొదట పంపిన మిషన్ తెల్లారేసరికి అలారం కొడుతూ ఉంది, మార్పించాం.

అయిదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు లాగుతుంది. మీ ఇన్వర్టర్ అది ఎన్ని గంటలు మోస్తుందో కరెంటాయనను అడగండి. అపార్ట్‌మెంట్‌కు జనరేటర్ ఉంటే, అది లిఫ్టుకూ లైట్లకేనా, మీ ప్లగ్గు పాయింట్లకు కూడానా? కరెంటు సంస్థ బెస్కాం నంబరు 1912 ఫోన్లో ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఒక నిండు సిలిండర్. బీ టైపు సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి పావు లీటరు చొప్పున లెక్క వేస్తే దాదాపు 100 గంటలు. ఈ లెక్క వేసుకున్నాకే నాకు కరెంటు పోయినా గుండె దడ తగ్గింది.

దీపం, గ్యాస్ స్టవ్, హారతి, సిగరెట్ కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి. పూజగది పక్కనే ఉంటే మిషన్‌నో దీపాన్నో జరపాల్సిందే. ముక్కు చుట్టూ చర్మం ఎండితే వాజలిన్ రాయకండి, ఆక్సిజన్ దగ్గర నూనె జిడ్డు ప్రమాదం. నీటితో తయారైన క్రీమ్ ఏది వాడాలో డాక్టరు చెబుతారు.

మందుల షాపులో దొరికే వేలి ఆక్సీమీటరు ఇంత చిన్న కాలికి పనికిరాదు. పాదానికి చుట్టే పసిపిల్లల ప్రోబ్ ఉన్నదే తీసుకోండి, నాలుగు గంటలకోసారి పాదం మార్చండి. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత ఉండాలో సమ్మరీలో అంకె రాయించుకోండి. అలారం మోగితే ముందు బిడ్డను చూడండి, తర్వాత మిషన్‌ను. బిడ్డ గులాబీ రంగులో హాయిగా పాలు చప్పరిస్తుంటే తొంభై పాళ్లు ప్రోబ్ జారి ఉంటుంది.

ఆ రోజు

ఉదయం 9కి డిశ్చార్జ్ అంటారు. ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి సాయంత్రం 5 అవుతుంది. అప్పుడు బయల్దేరితే సిల్క్ బోర్డ్ దగ్గరో, మారతహళ్లి వంతెన దగ్గరో బిడ్డతో పాటు ఇరుక్కుపోతారు. పాలు, డైపర్లు, నిండు సిలిండర్ అన్నీ రెండు గంటల ప్రయాణానికి సరిపడా ఉంచుకోండి. మరీ ఆలస్యమైతే మర్నాడు ఉదయం 11కి వెళతామని అడగండి. మేము అలాగే చేశాం.

చిన్న బరువుకు సరిపోయే, వెనక్కి తిరిగి ఉండే కార్ సీటు ఉంటే ఆస్పత్రిలోనే అందులో పడుకోబెట్టి సాచురేషన్ పడిపోతుందేమో సిస్టర్ చేత చూపించండి. తల పక్కకు వాలకుండా రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు పెట్టవచ్చు. ఒకరు వెనక సీట్లో పక్కనే కూర్చుని ముఖం చూస్తూ ఉండాలి. గుడికి, బంధువుల ఇంటికి అని దారిలో ఆగడాలు లేవు.

పాలు, వేడి

పుట్టిన వెంటనే చీకలేని బిడ్డకు మన ఉగ్గుగిన్నె దేవుడిచ్చిన వరం. ఆస్పత్రిలో దాన్ని పాలడై అంటారు. మా అమ్మమ్మది వెండి ఉగ్గుగిన్నె ఊరి నుంచి తెచ్చింది అమ్మ. ముక్కు సన్నగా ఉండి లోపల బ్రష్ పోదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, విడదీసి కడగగలిగే స్టీలుది వాడాం. ప్రతిసారీ కడిగి పది నిమిషాలు మరిగించాలి. బిడ్డను సగం కూర్చోబెట్టి, పెదవి మూల నుంచి కొంచెం కొంచెంగా, మింగాకే ఇంకో గుక్క. ఫీడ్ 30 నిమిషాలు దాటితే బిడ్డ అలిసిపోయినట్టే, తాగిన దానికంటే ఖర్చయిన శక్తి ఎక్కువ. పిండిన పాలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో అయితే మీ ఆస్పత్రి చెప్పిన గడువు లోపలే. మా వాళ్లు 24 గంటలన్నారు. పాలలో కలిపే పొడి ప్యాకెట్ ఇచ్చి ఉంటే ఎన్ని మిల్లీలీటర్లకు ఒక ప్యాకెట్ అనేది కంపెనీని బట్టి మారుతుంది, మార్చినప్పుడల్లా చదవండి.

రోజుకు ఆరు తడి డైపర్లు, వారం వారం బరువు. రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే బాగున్నట్టు. ఇంట్లో త్రాసు కొనకండి. నేను కొని రోజుకు మూడుసార్లు తూచి పిచ్చెక్కించుకున్నాను.

వేడికి కాంగారూ కేర్‌ను మించింది లేదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంటోంది. డైపర్, టోపీ, మేజోళ్లతో బిడ్డను గుండె మీద ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా ఆనించి, మెత్తటి గుడ్డతో కట్టుకోవడమే. నాన్న, అమ్మమ్మ ఎవరైనా చేయవచ్చు. మావారు పాపను గుండెకు కట్టుకుని కెమెరా ఆపేసి ఆఫీసు మీటింగులన్నీ కానిచ్చారు. నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం ఇంకొకరికి ఇచ్చేయండి.

బిడ్డకు చలేస్తోందా లేదా అన్నది థర్మామీటర్ లేకుండా కూడా తెలుస్తుంది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైనట్టు, వెంటనే గుండెకు హత్తుకోండి. పొట్టా, పాదాలూ రెండూ చల్లగా ఉంటే ఆస్పత్రికి ఫోన్ చేస్తూ హత్తుకోండి.

మందులు

సాధారణంగా విటమిన్ డి, ఐరన్ ఉంటాయి. విటమిన్ డి చుక్కల్లో మిల్లీలీటరుకు 400 యూనిట్ల సీసా ఉంది, 800ది కూడా ఉంది. మా వీధిలో ఒక షాపు "అదే మేడం" అని రెండోది ఇచ్చింది. సీసా పేరు కాదు, దాని మీదున్న అంకె చదవాలి. ప్రతి మందుకూ విడి సిరంజి, దాని మీద తీయాల్సిన గీత దగ్గర పర్మనెంట్ మార్కర్‌తో గుర్తు. తలుపు వెనక ఒక కాగితం, మందు ఇచ్చినవాళ్లు టిక్కు పెట్టాలి. లేకపోతే అమ్మమ్మ ఇచ్చిందనుకుని నాన్న ఇవ్వడు, ఇవ్వలేదనుకుని ఇద్దరూ ఇస్తారు. కక్కితే మళ్లీ ఇవ్వాలా అన్నది ముందే అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి.

పెద్దవాళ్లతో

నిజంగా కష్టమైంది ఇదే. ఆక్సిజన్ మిషన్‌తో గొడవ పడలేదు, సాంబ్రాణితో పడ్డాను.

"నలుగురు పిల్లల్ని పెంచాను, పొగ వేయకుండా ఎవర్నీ పడుకోబెట్టలేదు" అంది అత్తయ్య. అబద్ధం కాదు. కానీ ఆ నలుగురూ నెలలు నిండి పుట్టారు. వెంటిలేటర్ మీద ఉన్న ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే. నేను చెబితే కోడలి మాట. అందుకే తర్వాతి చెకప్‌కు అత్తయ్యనే వెంట తీసుకెళ్లి డాక్టరుగారి ముందు కూర్చోబెట్టాను. డాక్టరుగారు తెలుగులోనే "అమ్మా, పొగ వద్దు" అన్నారు. ఆ రోజుతో సరి. ఈ చిట్కా అందరికీ పనిచేస్తుందని నమ్మకంగా చెబుతాను.

మిగతావి ఇలా సర్దుకున్నాం. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు తగలకూడదు. వస, ఆముదం, వాము నీళ్లు, గ్రైప్ వాటర్ కూడా వద్దు. బొడ్డు మీద ఏమీ రాయకూడదు. ముక్కులో చెవిలో నూనె పోయకూడదు. కళ్లకు కాటుక వద్దు, అరికాలికి దిష్టిచుక్క పెట్టుకోవచ్చు. దిష్టి తీయండి, ఎండు మిరపకాయలు మాత్రం కింద గేటు దగ్గర కాల్చండి. మెత్తగా నూనె మర్దనకు ఎప్పుడు, ఎలా అని డాక్టరు చెప్పాక అత్తయ్య చేతికే అప్పగించాను, ఆక్సిజన్ తీసేసిన తర్వాతే.

చూడడానికి వచ్చేవాళ్ల సంగతి ఇంకా సున్నితం. అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో అప్రూవ్ నొక్కే పని మావారికి ఇచ్చాం, ఆయనకు మొహమాటం తక్కువ. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు, స్కూలుకెళ్లే పిల్లలు రాకూడదు. వచ్చినవాళ్లు సబ్బుతో 40 సెకన్లు చేతులు కడగాలి. ముద్దులు లేవు. ఇంట్లో పెద్దవాళ్లందరం ఫ్లూ టీకా వేయించుకున్నాం.

ఎప్పుడు పరిగెత్తాలి

ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఊపిరి 20 సెకన్లు ఆగడం, పెదవులు నాలుక నీలంగా మారడం, డొక్కలు ఎగరేయడం, మూలగడం, నిమిషం నిండా లెక్కపెడితే ఊపిరి 60 దాటడం, లేపినా లేవకుండా వాలిపోవడం, వరసగా రెండు ఫీడ్లు తాగకపోవడం, ఫిట్స్, ఆకుపచ్చగా కక్కడం, పొట్ట ఉబ్బి గట్టిపడడం, మలంలో రక్తం, ఒంటి వేడి 38 డిగ్రీలు లేదా ఆపైన, లేదా గంటసేపు హత్తుకున్నా 36.5కు రాకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా చాలు.

ఊపిరి ఆగినట్టు కనిపిస్తే అరికాలు తట్టండి, వీపు రుద్దండి. తీసుకోకపోతే నేర్చుకున్నది మొదలుపెట్టి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇక్కడ కూడా ఇద్దరు కావాలనే మాట గుర్తొస్తుంది. కన్నడ రాని అమ్మ కోసం ఫ్రిజ్ మీదే తెలుగు అక్షరాల్లో "మగు ఉసిరాడ్తా ఇల్ల" (బిడ్డ ఊపిరి తీసుకోవడం లేదు) అని రాసి, కింద అపార్ట్‌మెంట్ పేరు, దగ్గరి గుర్తు రాశాను. రాత్రిపూట పసిపిల్లల ఎమర్జెన్సీ తీసుకునే దగ్గరి ఆస్పత్రి ఏదో పగలే ఒకసారి వెళ్లి కనుక్కోండి. బిడ్డ ఉన్న ఆస్పత్రి ఊరికి ఆ చివర ఉంటే, అంత దూరం పోనవసరం లేదు.

తల్లి

నిద్ర లేకపోవడం వేరు, ఏ పనీ చేయబుద్ధి కాక గోడకేసి చూస్తూ కూర్చోవడం వేరు. రెండు వారాలు అలా ఉంటే, బిడ్డను ముట్టుకోవాలంటే భయంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు. నేను మూడో వారంలో చేశాను. మావారికి చెప్పకుండా బాత్రూంలో కూర్చుని చేశాను. చెప్పే చేయవచ్చని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాతి తేదీలు

మొదటి చెకప్ రెండు మూడు రోజుల్లో. కంటి పరీక్ష ఒక్కటి కూడా తప్పకూడదు. 34 వారాల ముందు గానీ, 2 కిలోల లోపు గానీ పుట్టిన బిడ్డలకు రెటీనాలో రక్తనాళాలు సరిగా పెరిగాయో లేదో నెలలోపు మొదలుపెట్టి, పూర్తయ్యాయని డాక్టరు చెప్పేదాకా చూస్తూనే ఉండాలి. చికిత్స కావాలని తేలితే రెండు మూడు రోజుల్లోనే జరగాలి, పండగ అయ్యాక వెళదాం అంటే చూపు పోతుంది. బెంగళూరు నారాయణ నేత్రాలయ 2008లో మొదలుపెట్టిన కిడ్‌రోప్ అనే కంటి పరీక్షల కార్యక్రమంలో టెక్నీషియన్లు కెమెరాతో జిల్లాల్లోని ఎన్‌ఐసీయూలకే వెళ్లి ఫొటోలు తీస్తారు. ఊళ్లో మీవాళ్లకు ఇలాంటి బిడ్డ పుడితే చెప్పండి. వినికిడికి ఎన్‌ఐసీయూ పిల్లలకు బెరా పరీక్ష (శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందో చూసేది) జరిగిందా అని అడగండి, లోపలి చెవిని మాత్రమే చూసే ఓఏఈ ఒక్కటే చాలదు.

టీకాలు పుట్టిన తేదీ లెక్కన వేస్తారు. బోర్లా పడడం, కూర్చోవడం మాత్రం రావాల్సిన తేదీ లెక్కన చూడాలి. మా పాప పది వారాలు ముందొచ్చింది, అంటే ఆరు నెలల పాపను మూడున్నర నెలల పాపలా చూడాలి. పక్కింటి పిల్లతో పోల్చే ప్రతివాళ్లకూ ఈ లెక్క మొదటి నుంచి చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. ఎదుగుదలలో తేడా అనిపిస్తే, ప్రభుత్వ జిల్లా సత్వర జోక్య కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉచితంగా దొరుకుతుంది.

21వ రోజు బారసాల అప్పుడు పాప వార్డులో ఉంది. ఆక్సిజన్ తీసేసిన పదిహేను రోజులకు, ఎనిమిది మందిమే, దీపం పక్క గదిలో పెట్టి చేశాం. బియ్యంలో పేరు రాశాక, ఆ వారమే జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించాం. పన్నెండు నెలల్లోపయితే దానికి రుసుము లేదు.